ఎండీ గారు ఐటీని అడగకుండా ఏఐ టూల్ కొనేస్తే ఏం చేయాలి?

"మా ఎండీ ఎవరికీ చెప్పకుండా ఏఐ టూల్ కొనేశారు, సోమవారం నుంచి అందరూ వాడాలట, ఐటీవాళ్లం ఎలా ఆపాలి?" అని అడిగారు. ఆపలేరు. ముందు ఆ ఆశ వదులుకోండి. మాదాపూర్‌లో ఒక మధ్యతరహా కంపెనీలో పదిహేనేళ్లుగా ఐటీ చూస్తున్నాను, అనుభవంతో చెబుతున్నాను.

పోయిన ఏడాది మా ఎండీ గారు హెచ్‌ఐసీసీలో ఏదో సదస్సుకు వెళ్లి, మెడలో బ్యాడ్జీ కూడా తీయకుండా ఆఫీసుకు వచ్చారు. సమావేశాల నోట్సు తానే రాసిపెట్టే ఏఐ అట. సొంత కార్డుతో కొని, క్యాలెండర్‌కు అనుమతి కూడా ఇచ్చేశారు. 2023లో ఇంజినీర్లు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టాక శాంసంగ్ అలాంటి టూళ్లను నిషేధించిన సంగతి చెప్పబోయాను. "వాళ్లది శాంసంగ్ అయ్యా, మన దగ్గర దాచుకోవడానికి ఏముంది?" అన్నారు.

ఏముందో ఆ శుక్రవారమే తెలిసింది. అట్టపెట్టెలు సరఫరా చేసేవారితో ఆన్‌లైన్‌లో ధర బేరం. వాళ్లు కాల్ నుంచి వెళ్లిపోయాక మనవాళ్లు అందులోనే కూర్చుని మాట్లాడుకున్నారు. పిలవకుండానే వచ్చిన ఆ నోట్సు టూల్ కూడా కూర్చుంది. పది నిమిషాల్లో ఆహ్వానం అందుకున్న ప్రతి ఒక్కరికీ, అంటే సరఫరాదారుకు కూడా, చక్కని మెయిల్ వెళ్లింది. ఆరో అంశం ఇది: "కిలోకు 4 రూపాయల వరకు పెంచడానికి కంపెనీ సిద్ధం. వేరే సరఫరాదారు లేరు." అటు నుంచి వెంటనే జవాబు: "నోట్సుకు ధన్యవాదాలు. ఆరో అంశం మాకు సమ్మతమే."

"ఆ మెయిల్ వెనక్కి లాగగలవా?" అని ఎండీ గారు ఫోన్ చేసేసరికి నేను బయోడైవర్సిటీ కూడలిలో ఇరుక్కుని ఉన్నాను. ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా శుక్రవారం సాయంత్రం అక్కడ బండి కదలదు. అవతలివాళ్ల డబ్బాలో పడిన మెయిల్ కూడా అంతే, మనం లాగితే రాదు.

ఇందులో నా తప్పూ ఉంది. బయటి యాప్ ఏదైనా ఆఫీసు మెయిల్‌నూ క్యాలెండర్‌నూ అడిగితే అడ్మిన్ ఒప్పుకుంటేనే కలిసేలా పెట్టుకునే వీలు గూగుల్‌లోనూ ఉంది, మైక్రోసాఫ్ట్‌లోనూ ఉంది. నేను ఆ తలుపు బార్లా తెరిచి పెట్టాను. మీరు ఈరోజే వేసేయండి. ఇంకో మాట, కీబోర్డు మార్చమని అడిగితే తొమ్మిది రోజులు తిప్పే ఐటీని ఎవరు సంప్రదిస్తారు? మనవాళ్లకు కోపం వస్తుంది కానీ, సగం మంది మనల్ని దాటి వెళ్లేది ఇందుకే.

భయపెట్టడం కొంతవరకే పనిచేస్తుంది. వ్యక్తిగత సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 2023 నాటి డేటా రక్షణ చట్టం కింద 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చని చెప్పాను. ఆయన తల ఊపారు. ఆఫీసు కంప్యూటర్లలో ఏఐ టూళ్లు వాడవద్దని 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖే తన సిబ్బందికి చెప్పిందన్నాను. దానికీ ఊపారు. నిజంగా పనిచేసింది అకౌంట్స్ మేడమ్‌తో స్నేహం. ఐటీని దాటి వెళ్లగలరు కానీ, కార్డు బిల్లు మంజూరు కావాలంటే ఎండీ గారైనా ఆవిడ దగ్గరికి రావాల్సిందే. సాఫ్ట్‌వేర్ అన్న మాట బిల్లులో కనబడగానే ఆవిడ నాకు చెబుతారు. నేను వెళ్లి వద్దనను. "రెండు రోజులు ఇవ్వండి సార్, ముందు నా క్యాలెండర్‌తో పెట్టి చూస్తాను" అంటాను. ఆ రెండు రోజుల్లో సగం మోజు దానంతట అదే తీరిపోతుంది.

మొన్న ఎండీ గారు మళ్లీ ఒక లింకు పంపారు. ఈసారి కింద "ఒకసారి చూడు" అని రాశారు. మురిసిపోయి మేడమ్‌ను అడిగితే, ఏడాది చందా అప్పటికే కట్టేశారట.