ఆవిరి పట్టని గాగుల్స్ కావాలన్నావుగా

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

పరవాడ ఫార్మా సిటీలో ల్యాబ్ పనికి చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. గాగుల్స్ సొంతంగా కొనుక్కుంటానన్నావట, అదే నయం.

ఆవిరి సంగతి తర్వాత, ముందు నీ బల్ల మీద ఏం చిమ్ముతుందో చూసుకో. సెపరేటరీ ఫన్నెల్‌లో, అదే కలవని ద్రవాల్ని వేరుచేసే గాజు గరాటులో, యాసిడ్ ఉండగా బైకార్బనేట్ పోసి ఊపితే లోపల గ్యాస్ తన్నుతుంది. బిరడా జారిందా, మొహం మీదికే. ఆ పనికి పక్కలు తెరిచున్న సేఫ్టీ అద్దాలు పనికిరావు. గాలాడుతుంది కాబట్టే వాటికి ఆవిరి అంతగా పట్టదు, కానీ గాలి వచ్చే దారినే యాసిడ్ చుక్కా వస్తుంది. కళ్ల చుట్టూ అతుక్కునే స్ప్లాష్ గాగుల్స్ తీసుకో. వాటిలోనూ గాలి రంధ్రాలు నేరుగా కాక మలుపు తిరిగి ఉన్నవి చూడు. అసలు రంధ్రాలే లేనివి ఘాటు ఆవిర్లకి. అవి తొందరగా మసకేస్తాయి. అంత ఘాటైన పని ఎలాగూ ఆవిర్లని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యాలి.

డబ్బా మీద ‘యాంటీ ఫాగ్’ అని ఎంత పెద్దగా రాసినా నమ్మకు, అచ్చు చదువు. యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 166 రకమైతే ఫ్రేము మీద 3 అంకె చిమ్మే ద్రవాలకి, అద్దం మీద ‘ఎన్’ అక్షరం మసక పట్టదనడానికి. ఆ ‘ఎన్’ రావాలంటే 50 డిగ్రీల నీటి ఆవిరి మీద కనీసం 8 సెకన్లు మసక పట్టకుండా ఆగాలి. ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఏ పూతా లేని అద్దం అంతసేపు కూడా నిలవదు. అమెరికా ప్రమాణం జడ్87.1లో చిమ్మే ద్రవాలకి ‘డి3’, మసక పట్టదనడానికి ‘ఎక్స్’. ఈ ‘ఎక్స్’ 2020 కూర్పులో వచ్చింది, పాత సరుకు మీద వెతక్కు.

ఆ పూత చేసే పనల్లా నీటిని చుక్కలు కట్టనివ్వకుండా పల్చటి పొరలా పరచడం. పొడి టిష్యూతో రుద్దితే అరిగిపోతుంది. చేతికందిందని వాష్ బాటిల్లోని అసిటోన్‌తో తుడిచే మహానుభావులుంటారు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అద్దం తెల్లబారి పగుళ్లిస్తుంది. నీళ్లు, ఒక్క చుక్క మెత్తటి సబ్బు, నీడన ఆరబెట్టడం. అంతే.

ఇక మాస్కు. చాలాసార్లు తప్పు దానిదే. ముక్కు మీది తీగ నొక్కకపోతే ఊపిరంతా పైకే పోతుంది, ఎంత ఖరీదైన గాగుల్సైనా ఆగవు. నీకు పవర్ అద్దాలున్నాయి కాబట్టి వాటి మీద పట్టేవే తీసుకో. లోపలి అద్దాలకు పూత ఉండదని మర్చిపోకు. కోల్డ్ రూమ్‌లో గాగుల్స్ వదిలేయకు, విశాఖ ఉక్కలోకి రాగానే చల్లటి అద్దం తెల్లగా కమ్మేస్తుంది.

పని మధ్యలో మసకేస్తే నుదుటి మీదికి నెట్టుకోవద్దు. ఫ్లాస్క్ స్టాండుకి బిగించి, హుడ్ తలుపు దించి, గది బయటికొచ్చి తియ్యి.

కొనేముందు ఫ్రేము మీది అచ్చు కనపడేలా ఫోటో పంపు.

మీ మావయ్య