ఉత్తరం మీద నంబరు వెయ్యి

11-5-2025
శ్రీకాకుళం

చిరంజీవి చిన్నబాబుకు తాతయ్య ఆశీస్సులు.

ఈ ఉదయం నువ్వు ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడావు. అందులో ఒక నిమిషం "వినబడుతోందా" అనడానికే సరిపోయింది. పెట్టేశాక మీ అమ్మ ఆ ఫోను చేతిలోనే ఉంచుకుని, "బాగున్నాను అన్నాడు గానీ గొంతెందుకు అలా ఉంది నాన్నా?" అని మధ్యాహ్నం దాకా నన్ను అడుగుతూనే ఉంది. నిన్న సాయంత్రం మనకూ పాకిస్తాన్‌కూ మధ్య కాల్పులు ఆగాయని వార్తల్లో చెప్పారు. అయినా మన ఇంట్లో టీవీ ఆగలేదు. నువ్వు సైన్యంలో చేరి నెల కాలేదని, శిక్షణలో ఉన్నవాణ్ణి సరిహద్దుకు పంపరని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

అందుకే అడుగుతున్నాను, ఉత్తరం రాయి. ఈ రోజుల్లో ఎవరు రాస్తారని నవ్వకు. ఫోనులో గొంతు పెట్టేయగానే పోతుంది. కాగితమైతే మీ అమ్మ దిండు కింద పెట్టుకుంటుంది, నన్ను అడగడం మానేస్తుంది.

1971లో నేను నీలాగే రంగరూటుని, అంటే కొత్తగా చేరిన సిపాయిని. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ కేంద్రం, నీలగిరి చలి, పందొమ్మిదేళ్ల వయసు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. యుద్ధం 16న ఢాకాలో ముగిసింది. ఆ పధ్నాలుగు రోజులూ నేను చేసిందల్లా పరేడు మైదానంలో బూట్లు అరగదీయడమే. కానీ ఊళ్లో వాళ్లకు మిలటరీ అంటే యుద్ధమే, కొడుకు ఎక్కడ ఉన్నా అక్కడ తుపాకులు పేలుతున్నట్టే.

మా అమ్మకు చదువు రాదు. మా ఊరి పోస్టాఫీసు నడిపేది బడిపంతులుగారే. ఉత్తరం ఆయనే తెచ్చి, ఆయనే అరుగు మీద కూర్చుని చదివేవారు. వీధంతా వినేది. చదివాక అమ్మ దాన్ని ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేది. ఆవిడ పోయాక ఆ తీగ దింపి నా ఉత్తరాలన్నీ వరసగా చదివాను. సిగ్గేసింది. "నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. భోజనం బాగుంది. అందరినీ అడిగినట్టు చెప్పండి." పదకొండింటిలో ఇవే మాటలు. తారీఖులు చెరిపేస్తే ఏది ఎప్పటిదో నేనే చెప్పలేను.

ఒక్కటి మాత్రం వేరు. మడతల దగ్గర జల్లెడలా చిరిగి, అంచులు నూనె వేళ్లకు నల్లబడి ఉంది. అందులో ఏముందనుకున్నావు? తెల్లారి కుళాయి నీళ్లు తగిలితే వేళ్లు నావి కానట్టు ఉంటున్నాయని, పక్క మంచం మలయాళీ కుర్రాడు తన మఫ్లరు ఇచ్చాడని, లంగరులో, అంటే మిలటరీ వంటశాలలో, రోజూ సాంబారు పోస్తుంటే నీ పప్పుచారు గుర్తొస్తోందని రాశాను. ఆ ఒక్కదాన్నే మళ్లీ మళ్లీ చదివించుకునేదని పంతులుగారు తర్వాత చెప్పారు. ఆ కుర్రాడి పేరు మా అమ్మకు చివరిదాకా గుర్తుంది. నేనే మరిచిపోయాను.

కాబట్టి రోజూ క్షేమం చెప్పక్కర్లేదు. ఆ రోజు కంటబడిందేదో ఒకటి రాయి. బ్యారక్‌లో గురక పెట్టేవాడి సంగతైనా సరే.

దెబ్బ తగిలితే దాచకు. ఇది నేను బాగా చెంపలు వేసుకుని నేర్చుకున్నది. కొత్త బూటు కొరికి మడమ చీము పట్టి మూడు రోజులు వైద్యం గదిలో ఉన్నాను. ఇంట్లో కంగారు పడతారని రాయలేదు. వంశధార అవతలి ఊరివాడొకడు నాతోపాటే ఉండేవాడు, వాడు తన ఇంటికి రాసే ఉత్తరంలో ఒక ముక్క కలిపాడు. ఏరు దాటేసరికి నా కాలు పోయింది! యుద్ధం జరుగుతుంటే బూటు కొరికిందంటే ఎవరు నమ్ముతారు? మా నాన్న నరసన్నపేట దాకా నడిచి టెలిగ్రాం ఇచ్చారు. సుబేదారు సాబ్ నన్ను పిలిపించి, తన బల్ల ముందే నిలబెట్టి రాయించారు: "నాకు రెండు కాళ్లూ ఉన్నాయి." బ్యారక్ అంతా నెల రోజులు నవ్వారు.

పెద్ద పెద్ద మాటలు కూడా వద్దు. "దేశం కోసం ప్రాణమిస్తాను" అని ఆ డిసెంబరులో ఒకసారి రాశాను. పంతులుగారు గొంతు పెంచి మరీ చదివారట. వీధి చప్పట్లు కొట్టింది. అమ్మ లోపలికి వెళ్లి ఆ పూట అన్నం తినలేదు.

ఎంతమంది ఉన్నారు, ఎవరిని ఎక్కడికి పంపుతున్నారు, ఏ ఆయుధం నేర్పుతున్నారు, ఇవేవీ కాగితం మీద పెట్టకు. మీకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ చెప్పే ఉంటాడు. నేనూ చెబుతున్నాను.

ప్రతి ఉత్తరం మూలన తారీఖుతోపాటు వరస నంబరు వెయ్యి. ఆ డిసెంబరులో రైళ్లన్నీ సైన్యానికే సరిపోయి టపా ఎక్కడెక్కడో ఆగేది. మూడు ఉత్తరాలు ఒకే రోజు, అదీ వెనకది ముందు, ముందుది వెనక అందేవి. జ్వరం తగ్గిందన్న ఉత్తరం వచ్చిన వారానికి జ్వరం వచ్చిందన్నది అందితే ఇంట్లో ఏమవుతుందో ఊహించుకో. అడిగిన ప్రశ్నలకు జవాబు రాయడం మరిచిపోకు. అమ్మమ్మకు వేరుగా రెండు వాక్యాలు రాయి, లేకపోతే నాతో మాట్లాడదు.

మా అమ్మ నాకు ఒక్క ఉత్తరమూ రాయలేదు. నెలనెలా 30 రూపాయలు మనియార్డరు చేసేవాణ్ణి. డబ్బు ముట్టినట్టు ఆవిడ వేలిముద్ర వేసిన రసీదు తిరిగి నా దగ్గరకు వచ్చేది. సాయంత్రం రోల్‌కాల్‌లో టపా పంచేటప్పుడు అందరూ ఉత్తరాలు విప్పుకుంటుంటే నేను ఆ సిరా మచ్చ చూసుకునేవాణ్ణి. యుద్ధం ముగిసిన వారంలో వచ్చిన రసీదు మీద వేలిముద్ర పక్కన పసుపు మరక ఉంది. పంతులుగారు పిలిస్తే పొయ్యి దగ్గర నుంచి చెయ్యి తుడుచుకోకుండా వచ్చిందన్నమాట. ఇంట్లో వంట జరుగుతోంది, అందరూ తింటున్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ రసీదు ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది, వచ్చాక చూపిస్తాను.

అమ్మమ్మ సున్నుండలు కట్టింది. ఆ డబ్బాలోనే పది ఇన్‌లాండు కవర్లు, రెండు పెన్నులు పెట్టాను. కవర్ల మీద ఇంటి చిరునామా నేనే రాసేశాను, ఆ వంక కూడా లేదు నీకు. మొదటిదాని మీద 1 అని వెయ్యి.

మీ తాతయ్య