నీళ్లు తాగినా దూప తీరట్లేదా అల్లుడా?

అల్లుడా, నీ వాయిస్ మెసేజ్ విన్నా. రోజుకి ఆరేడు లీటర్లు తాగుతున్నా దూప తీరట్లేదు, నాలుక పిడచగట్టుకుపోతోంది, రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయి అన్నావు. ఇంకో బాటిల్ ఎక్కువ తాగితే సరిపోతుందనుకోకు. నీలాగే దుబాయ్ ఎండలో ఏళ్లకేళ్లు షట్టరింగ్ పని చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, నీ ఒంట్లో ఉప్పు తగ్గినట్టుంది.

సాయంత్రం క్యాంపుకొచ్చి షర్టు విప్పాక వీపు వైపు చూడు. నీలం గుడ్డ మీద తెల్లటి చారలు కట్టి ఉంటాయి, గోటితో గీకితే పొడి రాలుతుంది. అది నీ చెమటలోని ఉప్పు. అక్కడ సముద్రపు గాలి, తడెక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబడలేదని ఇంకా కారుతుంది. పోయేది నీళ్లూ ఉప్పూ రెండూ, నువ్వు పోసుకునేది ఒట్టి నీళ్లు. రక్తం పలచబడుతుంటే కిడ్నీలు ఊరుకోవు కదా, ఆ నీళ్లని బయటికి తోసేస్తాయి. అందుకే గటగటా తాగిన కాసేపటికే బాత్రూమ్, మళ్లీ దూప. అయినా ఒట్టి నీళ్లే దంచుతూ పోతే తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా రావచ్చు.

పనిలో ఉన్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగు, గంటకి లీటరున్నర లోపే ఉంచు. పొద్దున చాయ్ బిస్కెట్‌తో బస్సెక్కడం బంద్ చెయ్. మనకి ఉప్పు వచ్చేదే తిండిలోంచి. రాత్రి అన్నం కాస్త మిగిల్చి ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున దాంట్లో లబన్ (అక్కడ దొరికే మజ్జిగ) పోసుకుని, ఉప్పేసుకుని, ఉల్లిగడ్డ నంజుకుని తిని వెళ్లు. ఎనర్జీ డ్రింకులకి పెట్టే డబ్బులు దీనికి పెట్టు.

పిక్కలు పట్టిన రోజు ఓఆర్‌ఎస్ తాగు, అంటే ఉప్పూ గ్లూకోజూ కొలిచి కలిపిన నీళ్లు. ఫార్మసీలో పొడి ప్యాకెట్ అడుగు, లీటరుకి అని రాసి ఉంటే లీటరులోనే కలుపు, చిన్న బాటిల్‌లో చిక్కగా కలపకు. పేగులో ఉప్పూ గ్లూకోజూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు శరణార్థి శిబిరంలో కలరాతో జనం రాలిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపించి ఎంతోమందిని బతికించాడు. ఇండియా నుంచి తెప్పించుకుంటే లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉందో లేదో చూడు. తీపి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడాకే 2025 అక్టోబరులో మన దేశంలో తిండి పదార్థాల మీద నిఘా పెట్టే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు తీసేయమంది. పాత డబ్బాలు ఎవరైనా అంటగట్టొచ్చు. (మామ ఉప్పు తినమన్నాడని మీ నాన్నకి చెప్పకు, ఆయనకి బీపీ.)

ఒళ్లు నొప్పులని పెయిన్ కిల్లర్లు మింగకు, ఒంట్లో నీళ్లు లేనప్పుడు అవి కిడ్నీలకి చేటు. మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజు పనికి పోకు, నేరుగా ఆసుపత్రికి పో. ఎవడైనా ఒళ్లు కాలిపోతూ పిచ్చిపిచ్చిగా మాట్లాడితే నోట్లో నీళ్లు పోయొద్దు, నీడకి లాగి ఒళ్లంతా తడిపి అంబులెన్స్ కోసం 998కి ఫోన్ కొట్టు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టమే ఉంది. ఆ టైములో రీల్స్ చూడకుండా నీడలో పడుకో.

ఇంకొకటి. సెలవు రోజు ఏసీ గదిలో ఉన్నా దూపేస్తూ, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తే మాత్రం దాన్ని ఎండ మీదికి నెట్టకు. మీ అమ్మకి, అదే మా అక్కకి, చిన్న వయసులోనే షుగర్ వచ్చింది. ఈ వారమే షుగర్ టెస్టు చేయించుకుని రిపోర్టు ఫోటో నాకు పంపు, అక్కకి ఇప్పుడే ఏం చెప్పకు, ఊరికే టెన్షన్ పడుతుంది.