పాత గోడౌన్‌లో ఇల్లు కట్టుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పాత గోడౌన్‌ని ఇల్లుగా మార్చుకుంటున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. ఇరవై అడుగుల ఎత్తు పైకప్పు, ఒక్క అడ్డుగోడ లేని హాలు, వరసగా ఇనప స్తంభాలు! అంత ధైర్యం మన ఇంట్లో నీకొక్కదానికే ఉంది. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఇన్నేళ్లు ఇళ్ల లోపలి పనులు చేయించినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

సోఫాలు గోడకి ఆనించకు, మధ్యకి లాగు. సోఫా వీపే గదికి హద్దవుతుంది. కనీసం సోఫా ముందుకాళ్లయినా ఆనేంత పెద్ద తివాచీ కొను. నడిచే దారికి మూడడుగులు వదులు. పైనుంచి ఒకే పెద్ద లైటు వేలాడదీసి సరిపెట్టకు. కూర్చునే చోటల్లా కింది ఎత్తులో, పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉండే పసుపు వెలుగు దీపాలు పెట్టుకో. వంట దగ్గర పొగని గొట్టంతో బయటికి పంపే చిమ్నీయే పెట్టించు, లేకపోతే వాసన నీ దిండు దాకా వస్తుంది.

ఇటుక గోడ సంగతి మాత్రం ఒకటికి పదిసార్లు చెప్తాను. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఇలాంటి గోడౌనే ఒకటి ఇల్లవుతుంటే దగ్గరుండి చూశాను. ఇంటివాళ్లకి గోడ కొత్తదానిలా ఎర్రగా మెరవాలి. పెద్దమేస్త్రి ఇటుకల మధ్య సందులో గోరు పెట్టి గీకితే తెల్లటి పొడి రాలింది. "ఇది సున్నమమ్మా. దీన్ని ఇసకతో కొట్టకూడదు, సిమెంటు పెట్టకూడదు" అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. మిషనుతో ఇసక చిమ్మి గోడ కడిగించారు, సందుల్లో సిమెంటు నింపారు, పైన వార్నిష్ కొట్టించారు. వచ్చినవాళ్లంతా ముచ్చటపడ్డారు.

రెండు వానాకాలాలు గడిచాయి. వార్నిష్ కింద తెల్లగా ఉప్పు పేరుకుంది. తర్వాత ఇటుకల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా ఊడాయి. రోజూ పొద్దున్నే ఊడిస్తే చేటెడు ఎర్రపొడి. కాల్చినప్పుడు ఇటుక పైన గట్టి పొర కడుతుంది, ఇసక దెబ్బకి అది పోయింది. గోడలో చేరిన చెమ్మ మెత్తటి సున్నం గుండా ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసింది, మిగిలిన కాస్తా వార్నిష్ మూసింది. ఇక ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పగలగొట్టింది. సిమెంటు తవ్వబోతే ఇటుక అంచులూ వెంట వచ్చేశాయి. చివరికి ఆ అందమైన గోడని కప్పేస్తూ ముందు ఇంకో గోడ కట్టుకున్నారు. తల్లీ, నీ గోడని మెత్తటి బ్రష్షుతో దులిపించు, సున్నం రాలిన చోట సున్నంతోనే పూడ్పించు. రంగు మీద మనసైతే సున్నం వెల్ల వేయించు.

స్తంభాల మీద పాత రంగుని గరుకు కాగితంతో అసలు రుద్దించకు. అందులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్లకి సీసం రంగుల్ని 1978లో నిషేధించారంటే అంతకుముందు ఎంత వాడారో ఊహించుకో. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకి చేటు. ముందు పరీక్ష చేయించు. ఆ పని అయ్యేదాకా బుజ్జిగాడిని అటు తీసుకెళ్లకు.

వాడి గురించే నా అసలు బెంగ. నువ్వు పంపిన ఫోటోలో పై అంతస్తు అంచున అడ్డంగా తీగలు లాగిన రెయిలింగ్ ఉంది. చూడ్డానికి బాగానే ఉంది, కానీ మూడేళ్ల పిల్లాడికి అది నిచ్చెన. నిలువు కమ్మీలే పెట్టించు, మధ్య సందు పది సెంటీమీటర్లు దాటకూడదు, ఎత్తు మీటరుకి తగ్గకూడదు. ఈ ఒక్క విషయంలో నీ ముచ్చట కన్నా నా మాటే చెల్లాలి. కోపం వస్తే రానీ.

ఇంకొకటి. గోడ పదిహేడు మీటర్ల దూరంలో ఉంటే నీ మాట దానికి తగిలి సెకనులో పదోవంతుకి తిరిగొస్తుంది, అంటే రెండుసార్లు వినబడుతుంది. మందపాటి పరదాలు, నిండా పుస్తకాలున్న అలమరలు ఆ మోతని తాగేస్తాయి. ఎన్ని పెట్టినా, తలుపు వేసుకునే గది ఒక్కటి మాత్రం ఉండాలి. నీకు చిన్నప్పుడు మనసు బాగోకపోతే స్టోర్‌రూములో దూరి గడియ పెట్టుకునేదానివి, ఎవరు పిలిచినా పలికేదానివి కాదు. అలాంటి చోటు నీకు ఇప్పుడూ కావాలి.

రెయిలింగ్‌కి ఆర్డరు ఇచ్చేముందు కొలతలు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య