నార్వేకి గాలం తీసుకెళ్లే ముందు

బాబాయ్, మహేంద్రతనయ నదిలో వాడిన గాలం, రీలు నార్వేలో అబ్బాయి దగ్గరికి తీసుకెళ్లొచ్చా అని అడిగారు. తీసుకెళ్లండి, కానీ తడి అస్సలు ఉండకూడదు. గైరోడాక్టిలస్ సలారిస్ అని అరమిల్లీమీటరు పురుగు 1970లలో అక్కడికి చేరి సాల్మన్ చేప పిల్లల్ని చంపేసింది. దాన్ని వదిలించడానికి నదుల్లో మందు పోసి, అక్కడున్న చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది, పాపం. చేపలతోనే కాదు, తడి సామానుతో కూడా అది నది నుంచి నదికి పోగలదు. రీలు విప్పి, సబ్బునీళ్లతో కడిగి, మన పర్లాకిమిడి ఎండలో మూడు రోజులు ఆరబెట్టండి. చేతివల ముడులు, బూట్ల కుట్లు వేలితో తడిమి చూడండి, చెమ్మ అక్కడే దాక్కుంటుంది. అక్కడ నది దగ్గర సామాను మందునీళ్లలో ముంచి, శుభ్రం చేసినట్టు చీటీ ఇస్తారు. చాలా సాల్మన్ నదుల్లో ఆ చీటీ లేనిదే గాలం వేయనివ్వరు.