స్పెషల్ మాస్టర్ వస్తే రాష్ట్రాల నీళ్ల తగువు తెగుతుందా?

అమెరికాలో రెండు రాష్ట్రాల దావాకి స్పెషల్ మాస్టర్ని, అంటే సుప్రీంకోర్టు తన బదులు విచారించి నివేదిక రాయమని పెట్టే మనిషిని, వేస్తే పని తొందరగా అవుతుందా అని అడిగారు. అవదు. అలాంటి దావాలో ప్రతివాది రాష్ట్రం నీళ్లు తాగేవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది జార్జియాలో, అట్లాంటా పైన ఫోర్సైత్ కౌంటీ. మా కొళాయిలో వచ్చేవి లేక్ లేనియర్ నీళ్లు. దాని కింద పారే చాటహూచీ నది నీళ్లే చివరికి ఫ్లోరిడాలో అపలాచికోలా బేలో కలవాలి. 2012లో అక్కడ ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు) దెబ్బతిన్నాయి, జార్జియా నీళ్లు ఎక్కువ వాడేస్తోందని మరుసటి ఏడు ఫ్లోరిడా నేరుగా సుప్రీంకోర్టుకెక్కింది. రాష్ట్రం మీద రాష్ట్రం దావా వేస్తే కింది కోర్టుల్లో నడవదు. తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని సాక్షుల్ని విచారించడం అయ్యేపని కాదు కాబట్టి 2014లో ఎక్కడో మెయిన్ రాష్ట్రంలో ఉండే లాయరు రాల్ఫ్ లాంకాస్టర్‌ని మాస్టర్‌గా వేశారు.

ఆ మధ్య పిల్లల్ని తీసుకుని అపలాచికోలా వెళ్లాం. రేవులో పడవ కడుగుతున్న ఓ పెద్దాయన మా కారు నంబరు ప్లేటు చూసి, "జార్జియానా? స్నానాలు బాగా జరుగుతున్నాయా?" అన్నాడు. మా ఆవిడ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. మంచినీళ్లు తగ్గి ఉప్పు పెరిగితే ఆయిస్టర్లని తినే నత్తలు లోపలికొచ్చేస్తాయని చాలాసేపు చెప్పాడు. మా నాగాయలంక శివారు రైతు మాట్లాడినట్టే ఉంది. 2020 డిసెంబరులో ఆ బేలో ఆయిస్టర్లు పట్టడమే ఆపేశారు. ఇక్కడేమో గడ్డి పచ్చగా లేదని మా కాలనీ అసోసియేషన్ ఉత్తరాలు రాస్తుంది! అయినా కేసులో పెద్ద గురి మా స్నానాలు కాదు, జార్జియాలోనే ఉన్న ఫ్లింట్ నది కింద పత్తికీ వేరుశనగకీ తోడే నీళ్లు.

లాంకాస్టర్ రాజీ పడండయ్యా అని చెప్పిచెప్పి, నెలరోజులు విచారించి, 2017లో ఫ్లోరిడాకి వ్యతిరేకంగా రాశాడు. డ్యాముల గేట్లు ఆర్మీ కోర్ (కేంద్ర సైన్యపు ఇంజనీర్ల విభాగం) చేతిలో ఉన్నాయి, వాళ్లు కేసులోనే లేరు, జార్జియాని కట్టడి చేస్తే నీళ్లొస్తాయని నమ్మకమేంటి అన్నాడు. నా లెక్కలో అదే రైటు. కానీ మాస్టర్ రాసేది సిఫారసే, తీర్పు కాదు. 2018లో కోర్టు 5-4తో వెనక్కి పంపి, న్యూ మెక్సికో నుంచి జడ్జి పాల్ కెల్లీని తెచ్చింది. ఆయనా ఫ్లోరిడాకి ఇవ్వొద్దనే రాశాడు. 2021లో తొమ్మిదిమందీ ఒక్కమాటగా కొట్టేశారు. ఈలోగా రెండు రాష్ట్రాలూ లాయర్లకి పోసింది కోట్ల డాలర్లు.

మన కృష్ణాకి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ కూడా 1976 దాకా సాగింది, కానీ కనీసం దాని మాటే తుది మాట. నన్నడిగితే మాస్టర్‌గా లాయర్ని కాదు, కాలవ గేట్లు తిప్పే లస్కర్ని వేయాలి. గేటు తాళం ఎవరి దగ్గరుందని మొదటిరోజే అడుగుతాడు.