ఒకే శబ్దం ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు వినిపిస్తుంది?

2018లో ఇంటర్నెట్‌లో అందరూ పంచుకున్న, ఒకే మాట కొందరికి యానీ అని, కొందరికి లారెల్ అని వినిపించే ‘యానీ–లారెల్’ ఆడియో క్లిప్ మీకు యానీ అని, మీ నాన్నగారికి లారెల్ అని వినిపించిందన్నారు, ఎవరి చెవి సరైనదని అడిగారు. ఇద్దరిదీ సరైనదే. అప్పట్లో మా ఇంట్లోనూ ఇలాగే అయింది: పద్నాలుగేళ్ల మా అబ్బాయికి యానీ, మా అమ్మకు లారెల్. నిజానికి చదివిన మాట లారెల్. కానీ ఆ రికార్డింగులో కింది స్థాయి బొంగురు ధ్వనులు లారెల్‌లా, పై స్థాయి సన్నటి ధ్వనులు యానీలా ఉంటాయి.

అమ్మ అప్పటికి రెండేళ్లుగా “టీవీ సౌండ్ వినిపిస్తోందే, మాటలే తెలియట్లేదు” అనేది. “చారు వేడి చేయనా అమ్మా?” అంటే “కారు ఎవరిదే?” అనేది. మనసు పెట్టి వినడం లేదని విసుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. చివరికి ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయిస్తే, రిపోర్టు గ్రాఫులో 2000 హెర్ట్జ్ (ధ్వని స్థాయిని కొలిచే లెక్క) దాకా బాగానే ఉన్న గీత అక్కణ్ణుంచి కిందికి జారిపోయింది, అంటే పై స్థాయి ధ్వనులు తనకు సరిగా వినపడట్లేదు.

లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలో వెంట్రుకల్లాంటి సన్నటి పోగులున్న కణాలుంటాయి. పై స్థాయి ధ్వనుల్ని పట్టేవి దాని మొదట్లోనే ఉంటాయి. వయసుతో ముందు దెబ్బతినేవి అవే, మళ్లీ పుట్టవు. అచ్చుల బలమంతా కింది స్థాయిలో ఉంటుంది. స, శ, చ లాంటి హల్లుల్ని గుర్తుపట్టేది పై స్థాయి ధ్వనులతో. అందుకే అమ్మకు ‘ఆరు’ చేరేది, ముందున్న ‘చ’ చేరేది కాదు. ఆ ఖాళీని మెదడు తనకు తోచిన అక్షరంతో నింపేది. మేం గట్టిగా అరిస్తే ముఖ్యంగా అచ్చులే పెద్దవయ్యేవి!

అయితే ఒకే వయసువాళ్లకూ తేడా వస్తుంది. లక్నో నుంచి వచ్చిన మా ఆఫీసు అమ్మాయికి ‘కల’, ‘కళ’ ఒక్కలాగే వినిపించేవి. చెవిలో లోపం లేదు, తన హిందీలో ‘ళ’ లేదు, అంతే. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో కెనడాలో చూపించింది ఇదే: ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే పిల్లలు ఆరు–ఎనిమిది నెలలప్పుడు హిందీ త, ట తేడాను పట్టగలరు, ఏడాది నిండేసరికి చాలామంది పట్టలేరు.

ముందు అదే క్లిప్‌ని ఇద్దరూ ఒకే హెడ్‌ఫోన్‌తో వినండి. చిన్న ఫోన్ స్పీకర్ కింది స్థాయిని సరిగా పలికించదు, నాకే ఫోన్‌లో యానీ, హెడ్‌ఫోన్‌లో లారెల్ వచ్చింది. నాన్నగారికి మాటలు కూడా కలిసిపోతున్నాయంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆడియోమెట్రీ చేయించండి. చెవి మిషన్ వచ్చాక కూడా మేం అమ్మకు ఎదురుగా కూర్చుని, టీవీ ఆపి, నిదానంగా మాట్లాడుతున్నాం.